మెయిన్ గేటు దాకా ఒక బస్సు

నేను రెండుసార్లు రిటైరయ్యాను. ఒకసారి హైదరాబాదులో సిటీ బస్సు కండక్టరుగా, ఇంకోసారి ఇంగ్లండులో జైలు ఆఫీసరుగా. మొదటిదాని గురించి ఎవరూ అడగరు. రెండోది తెలిసిన దగ్గర్నుంచి మా దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో హాస్టళ్ళలో ఉండి కోచింగులకు తిరిగే పిల్లలు నన్ను వదలడం లేదు. పొద్దున పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగితే చాలు, టిఫిను బండి దగ్గర ఇడ్లీ ప్లేట్లు పట్టుకునే చుట్టుముడతారు.

"ఆంటీ, ఆడ మీకు తుపాకి ఇస్తరా?"

"ఆంటీ, ఖైదీలు మిమ్మల్ని కొట్టిండ్రా?"

తుపాకి ఇవ్వరు. ఒక ఈల, ఒక వైర్‌లెస్ సెట్టు, గొలుసుకు కట్టిన తాళంచెవుల గుత్తి, అంతే. కొట్టడమంటే, ఒకసారి ఒక ముసలాయన ప్లాస్టిక్ టీ మగ్గు విసిరాడు. ఆ మగ్గు కథే మీకు చెప్పాలని ఇలా కూర్చున్నాను. రోజుకొకరికి ముక్క ముక్క చెప్పడం కంటే ఒక్కసారి రాసి పడేస్తే మీకూ నాకూ సుఖం. నా పాలూ విరగవు.

మా ఆయన నర్సు. ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో చాలా ఏళ్ళు చేశాడు. మగ నర్సంటే ఇక్కడ కొందరికి నవ్వు. అక్కడివాళ్ళకు అదేం లేదు, పిలిచి ఉద్యోగమిచ్చారు. ఆయన ముందు వెళ్ళాడు. భార్యగా నాకూ వీసా వస్తుంది, అక్కడ నేనూ పని చేసుకోవచ్చు అన్నారు. ఏం పని చేయాలన్నదే తేలలేదు. అక్కడి బస్సుల్లో కండక్టర్లే లేరట! ఆ సంగతి విన్న రోజు నాకు అన్నం సయించలేదు. డ్రైవరే టికెట్టిస్తే ఇక బస్సులో పెత్తనం ఎవరిది?

ఒక సాయంత్రం ఆయన ఫోను చేశాడు.

"ఏమే, ఈడ బస్సు వెనక ఒక బోర్డు చూసిన. జైలుల ఆఫీసర్లు కావాల్నట. నువ్వైతే సరిగ్గ సరిపోతవ్."

"ఏంది? నేను జైలుకు సరిపోతనా?"

"కోపానికి రాకు. వాళ్ళడిగేదేందంటే, అరిచెటోళ్ళ నడుమ నిలవడాలె, అందరితోని మాట్లాడాలె, చెయ్యి లేపకుండ మాట వినిపియ్యాలె. గిదంత నువ్వు ఎల్బీనగర్ బస్సుల పొద్దుగాల ఎనిమిదింటికి చేసేదే గదనే!"

నాకు నవ్వొచ్చింది. నవ్వు ఆగాక భయమేసింది. నలభై ఏడేళ్ళొచ్చాక యూనిఫాం మార్చడమంటే పెళ్ళిచూపులకు కూర్చున్నట్టే ఉంది. సరే చూద్దాం అన్నాను. మా ఇంట్లో ఈ మాటకు అర్థం 'అయిపోయింది, ఇక ఆపలేరు' అని.

ముందు ఇంగ్లీషు. డిగ్రీ దాకా చదివాను కానీ నాది బస్సు ఇంగ్లీషు. చేంజ్, టికెట్, పాస్, మూవ్. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల పక్కనే మూడో అంతస్తులో ఒక స్పోకెన్ ఇంగ్లీషు సెంటరులో చేరాను. క్లాసంతా మా మేనకోడళ్ళ ఈడు పిల్లలే. సారు గుంటూరు మనిషి. మొదటి రోజు ఒక్కొక్కరినీ లేపి గోల్ ఏమిటని అడిగాడు. ఒకడు సాఫ్ట్‌వేర్ అన్నాడు, ఒకమ్మాయి బ్యాంకు అంది. నా వంతు వచ్చింది.

"జైలుకు పోవాలె సార్."

ఆయన చేతిలో మార్కరు అలాగే ఆగిపోయింది. "అదేంటండీ, మీరు జైలుకెళ్ళడమేంటండీ? ఏమన్నా కేసాండీ?"

విషయం తెలిశాక ఆయనకు నాకంటే ఎక్కువ ఉత్సాహం వచ్చింది. ఇంటర్వ్యూలో వాళ్ళు ఖైదీల్లా నటించి మనల్ని పరీక్షిస్తారని ఎక్కడో చదివి వచ్చి, క్లాసు మొత్తాన్ని ఖైదీలను చేశాడు. "అరవండమ్మా, ఇంకా అరవండి! ఆవిణ్ణి ఊపిరాడనివ్వకండి!" పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి? బల్లలు కొట్టారు, ఈలలు వేశారు, ఒకడు కుర్చీ ఎక్కాడు. నాకు ఇంగ్లీషంతా ఎగిరిపోయింది. నోరు తెరిస్తే ఇరవై ఏళ్ళుగా రోజూ అరిచిన మాటే వచ్చింది.

"జరుగుండ్రి! ముందుకు జరుగుండ్రి! ముందట గంత జాగ పెట్టుకొని ఈడ్నే నిలవడ్డరేంది!"

క్లాసంతా మారుమాట లేకుండా రెండడుగులు ముందుకు జరిగింది. సారు కూడా జరిగాడు. జరిగాక తెలుసుకుని నుదురు కొట్టుకున్నాడు. "ఇంగ్లీషులో అనాలండీ బాబూ!"

తర్వాత పరుగు. ఫోనులో బీప్ మని శబ్దం వచ్చేలోపు ఈ గీత నుంచి ఆ గీతకు ఉరకాలి. పోనుపోను బీపులు దగ్గరవుతాయి. సరూర్‌నగర్ చెరువు కట్ట పక్కన పొద్దున పూట సాధన చేసేదాన్ని. పంజాబీ డ్రెస్సు, బాటా బూట్లు. మా అత్తమ్మ కర్మన్‌ఘాట్‌లో పెద్ద కొడుకు దగ్గర ఉంటుంది. ఆమెది అక్కడి పాత ఊరే, వ్యవసాయం చేసిన చేయి. నేను ఉరకడం చూడాలని పనిగట్టుకుని ఆటోలో వచ్చేది. ఫోను చేతిలో పట్టుకుని బెంచీ మీద కూర్చుని, బీపు వచ్చినప్పుడల్లా "ఉరుకు బిడ్డా!" అని అరిచేది.

ఒకరోజు వాకింగుకు వచ్చిన ఒకామె పక్కన కూర్చుని అడిగింది. నేను అవతలి గీత దగ్గర రొప్పుతూ వింటున్నాను.

"కోడలు గట్ల ఉరుకుతాందేందమ్మా?"

"జైలుకు పోతాంది" అంది అత్తమ్మ గర్వంగా.

"అయ్యో! ఎన్నేండ్లు?"

"మూడేండ్లు ఇచ్చిండ్రు. మంచిగుంటే ఇంక పెంచుతరట."

అత్తమ్మ చెప్పింది వీసా సంగతి. వాకింగుకు వచ్చినామె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "ఏం చేసిందమ్మా పాపం?"

"బస్సుల టికెట్లు కొట్టేది."

"టికెట్లు కొట్టేసినందుకే గన్నేండ్లా!"

నాకు అడుగు పడలేదు. నవ్వుతూ గట్టు మీద కూలబడ్డాను. బీపులు వాటి దారిన అవి పోతూనే ఉన్నాయి. ఆ మర్నాటి నుంచి ఆమె నాకు ఎదురైనప్పుడల్లా "ధైర్యంగుండు బిడ్డా" అనేది. నిజం చెప్పడానికి నాకు మనసొప్పలేదు. అంత ప్రేమగా ఎవరంటారు?

ఎలాగో వెళ్ళాను, పరీక్షలు గట్టెక్కాను, ఉద్యోగం వచ్చింది. శిక్షణ గురించి ఎక్కువ చెప్పను. రెండు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. ఒకటి, ప్రతి గేటూ తాళం తీసి, దాటి, మళ్ళీ వేసి, లాగి చూసుకోవాలి. ఇది ఎంత పట్టుకుందంటే ఇప్పటికీ మా బాత్రూం తలుపు వేసి రెండుసార్లు లాగుతాను. రెండు, చేతికంటే ముందు నోరు వాడాలి. ఈ రెండోది మా సీనియరు చెప్పింది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చేతిలో టీతో ఉండే ఇంగ్లీషావిడ. రిటైర్మెంటు దగ్గర్లో ఉంది. నాతోపాటు చేరిన ఇంకొకాయన నైజీరియాలో లెక్కల మాస్టారు. నేను ఆయన మోచేతి దాకా వస్తాను. నవ్వితే వింగు, అంటే జైల్లో మా విభాగం, చివరిదాకా వినిపించేది. శిక్షణలో ఆయన ఖైదీ అయితే నేను చేయి మెలిపెట్టి పట్టుకోవాలి. నేను వేలాడాను, ఆయన నన్నూ కలుపుకుని నడిచాడు.

ఇక మాటల సంగతి. మేమున్నది ఇంగ్లండుకు ఉత్తరాన. అక్కడివాళ్ళు సగం మాట మింగేసి, మిగతా సగం మీద గట్టిగా నొక్కుతారు. మొదటి వారం ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండో వారం ఒక్కసారిగా తెలిసింది: వీళ్ళు అచ్చం మా కర్మన్‌ఘాట్ వాళ్ళు! చివరలు కోసేయడం, 'గీ' 'గా' అన్నట్టు విరిచేయడం, తిట్టులో ప్రేమ పెట్టడం. జైలు పెద్దను అక్కడ గవర్నరంటారు. ఆయన ఇంగ్లండు దక్షిణాది మనిషి. ఆయన మాట్లాడితే మా స్పోకెన్ ఇంగ్లీషు సారు మాట్లాడినట్టే ఉండేది. అందుకని ఇక్కడ వాళ్ళ ఇంగ్లీషంతా నా చెవికి ఎలా వినబడిందో అలాగే రాస్తున్నాను. తప్పయితే మీ సారుతో దిద్దించుకోండి.

నేను పనిచేసిన వింగు రెండంతస్తులు. నడుమ ఖాళీ, చుట్టూ గదులు. మగ ఖైదీలు. ఆడ ఆఫీసర్లను 'మిస్' అంటారు. పొద్దున తలుపులు తీయగానే అందరూ ఒక్కసారి మీద పడతారు. "మిస్, నా ఫోను పన్జేస్తలేదు." "మిస్, నా బట్టలేవీ?" "మిస్, వాడు నా షాంపూ ఎత్తుకపోయిండు." మొదటి రోజు నేను కంగారులో మళ్ళీ "జరుగు జరుగు!" అన్నాను. వాళ్ళు కొత్త మాట దొరికిందని మురిసిపోయారు. నెల తిరిగేసరికి భోజనం వరసలో కండలు తిరిగిన తెల్లవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ "జర్గూ! జర్గూ!" అనుకోవడం మొదలైంది. మా ఆయనకు చెబితే నమ్మలేదు.

ఆ వింగులోనే ముసలాయన ఉండేవాడు. చాలా ఏళ్ళుగా లోపలే ఉన్నాడు. ఏ నేరమో నాకు తెలుసు, ఇక్కడ రాయను. చిన్నదేం కాదు. బట్టలు ఉతికే చోట పని చేసేవాడు. ఎవరితోనూ కలవడు. నాతో మాట్లాడేది ఒక్క సందర్భంలోనే, నా ఇంగ్లీషు తప్పు దొరికినప్పుడు. "గట్ల గాదు మిస్" అని సరిచేసి, తలుపు దగ్గరికి వేసుకునేవాడు. కోపం మనిషే కానీ గది అద్దంలా ఉంచుకునేవాడు.

ఆయన విడుదల రోజు పొద్దున గది తలుపు తీసింది నేనే. వస్తువులన్నీ పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో సర్ది ఉన్నాయి. ఆయన మంచం మీద, రెండు చేతులతో మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు.

"పదండి, టైమైంది" అన్నాను.

"నేను పోను మిస్."

"పోనంటే?"

"పోనంటే పోను. తలుపేసి పో."

నాకు బుర్ర తిరిగింది. మాకు శిక్షణలో పారిపోయేవాణ్ణి ఎలా పట్టుకోవాలో నేర్పారు కానీ, పోనన్నవాణ్ణి ఎలా పంపాలో నేర్పలేదు. సీనియరు వచ్చి, టీ గుటకేసి, నన్ను పక్కకు పిలిచింది.

"ఇయ్యాల్టి నుంచి ఆయన ఖైదీ గాదు. ఈ గదిలో ఉంచే హక్కు మనకు లేదు. ఇంకో సంగతి. సాయంత్రం అయిదు లోపల అవతలి ఊర్ల, విడుదలైనోళ్ళుండే హాస్టల్ల సంతకం పెట్టాలె. పెట్టకపోతే పోలీసోళ్ళు పట్టుకొని మల్ల ఈడికే తెస్తరు."

"గదే ఆయన ప్లానేమో?"

"గదే అనుకుంటున్న."

గవర్నరు కూడా వచ్చి, గుమ్మంలో నిలబడి మర్యాదగా చెప్పాడు. "చూడండీ, పది గంటల్లోపు మీరే నడిచి వస్తే బాగుంటుంది. లేకపోతే మిమ్మల్ని ఎత్తుకెళ్ళడానికి హెల్మెట్లు పెట్టుకున్నవాళ్ళు వస్తారు. నాకది ఇష్టం లేదండీ." ముసలాయన తల కూడా ఎత్తలేదు. గవర్నరు వెళ్తూ నా వైపు చూశాడు. నాకింకా ఉద్యోగం ఖాయం కాలేదు. ఆ చూపులో ఏముందో నాకు తెలియలేదు. హెల్మెట్లు వస్తే ఆయన తప్పకుండా తిరగబడతాడు. తిరగబడితే కొత్త కేసు. ఇన్నేళ్ళు గడిపి, చివరి రోజున, ఒక మంచం పట్టె కోసం మళ్ళీ మొదటికి.

కండక్టరు గొంతు తీశాను. "లాస్ట్ స్టాప్ ఒచ్చింది! దిగుండ్రి! బండి షెడ్డుకు పోతది!"

అప్పుడే మగ్గు వచ్చింది. నా బూట్ల పక్కన పడి దొర్లింది. అందులో టీ లేదు, నా అదృష్టం.

నాకూ కోపం వచ్చింది. ఆయనకిచ్చిన దారి వివరాల కాగితం తీసుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టాను. "ఇదేమన్న అడవా? గేటు ముందట్నే బస్సు ఎక్కాలె. స్టేషన్ కాడ దిగాలె. ఆడ రైలు..."

"ఏ బస్సు?" అని అరిచాడు. "పైసలిస్తే తీసుకోరట గదా! కార్డు పెట్టాల్నట. యాడ పెట్టాలె? ఎన్నిసార్లు పెట్టాలె? తప్పు పెడితే డ్రైవరు అందరి ముందట ఏమంటడు? వెనక లైన్ల అందరు చూస్తుంటరు. పక్క గదిలోడు చెప్పిండు నాకు!"

అని తల గోడ వైపు తిప్పుకున్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. తప్పే, కానీ ఆగలేదు. "గిందుకా? గీ బస్సు కోసమా?"

"నవ్వకు మిస్."

"నేను నవ్వక ఎవరు నవ్వుతరు? ఇరవై ఏండ్లు బస్సులనే బతికిన. లే! నేర్పిస్త."

సీనియరు వైపు చూశాను. ఆవిడ గడియారం చూసి, వింగు చూసి, "కుర్చీలు తెండ్రి" అంది. అంతే. వింగు ఊడ్చే ఖైదీలు ఇద్దరు పరుగెత్తి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి రెండు వరసలు వేశారు. మా లెక్కల మాస్టారు ముందు కుర్చీలో కూర్చుని, భోజనం ప్లేటు ఒకటి స్టీరింగులా పట్టుకున్నాడు. ఆయన ఇంగ్లీషు మాత్రం పాఠ్యపుస్తకంలా ఉండేది. "ప్రయాణికులకు స్వాగతం. దయచేసి వరుసలో రండి" అన్నాడు. సీనియరు టీ కప్పుతో సహా మొదటి సీట్లో కూర్చుంది. "నేను ముసల్దాన్ని, నాకు పాసుంది."

మిగతా ఖైదీల్లో పనికి పోనివాళ్ళు గదుల్లో తాళం వెనకాల ఉన్నారు. తలుపు సందుల్లోంచి చూస్తున్నారు. ఎవరో మొదలుపెట్టారు: బుర్ర్‌ర్‌ర్ మని ఇంజను చప్పుడు. పక్క గది అందుకుంది. కాసేపటికి రెండంతస్తులూ ఇంజను అయిపోయాయి. ఒకడు హారను కొట్టాడు. ఇంకొకడు పసిపిల్లలా ఏడ్చాడు, బస్సన్నాక ఒక పిల్ల ఏడవాలి కదా.

ముసలాయన గుమ్మం దాకా వచ్చాడు. చేతిలో, దారి కాగితంతోపాటు ఇచ్చిన కార్డు. మాస్టారు పక్కన ఒక సబ్బు పెట్టె పట్టుకుని నిలబడ్డాను, అదే మిషను.

"ఎక్కడికి?" అన్నాడు మాస్టారు, కొంచెం గంభీరంగా.

ముసలాయన బిగుసుకుపోయాడు. గిర్రున తిరిగి గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. ఇంజను ఆగిపోయింది.

"మీరు జర నవ్వుండ్రి సార్" అన్నాను మాస్టారుతో.

"నిజమైన డ్రైవరు నవ్వడు" అన్నాడాయన. అది నిజమే. మన దగ్గరా నవ్వరు. కానీ నా ముఖం చూసి సరేనన్నాడు.

రెండోసారి ఆయన వచ్చి, "స్టేషన్" అన్నాడు. గొంతు రాలేదు, పెదాలే కదిలాయి. సబ్బు పెట్టె మీద కార్డు పెట్టాడు. నేను "టింగ్" అన్నాను. ఆయన అలాగే నొక్కి పట్టుకుని ఉన్నాడు.

"అయిపాయె. ఒక్కసారి చాలు. తియ్యి. జరుగు జరుగు!"

పైనుంచి అందరూ ఒకే గొంతుతో "జర్గూ!" అన్నారు. ఆయన పెదవి చివర ఏదో కదిలింది. మళ్ళీ దిగాడు. మళ్ళీ ఎక్కాడు. ఈసారి తనంతట తానే "స్టేషన్ పోతదా?" అని అడిగాడు. మాస్టారు ఉండబట్టలేక నవ్వేశాడు, ఆ నవ్వుకు కిటికీలు అదిరాయి. ముసలాయన సీట్లో కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుని, కిటికీ ఉండాల్సిన చోట గోడను చూశాడు. నేను పక్కన నిలబడి బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు తూగాను. సీనియరు కూడా తూగింది, టీ ఒలకకుండా. అది ఎలా చేసిందో నాకిప్పటికీ తెలియదు.

అప్పుడు వింగు గేటు తాళం చప్పుడైంది. గవర్నరు. ఆయన వెనక హెల్మెట్లు చేతుల్లో పట్టుకున్నవాళ్ళు.

రెండంతస్తుల ఇంజను ఒక్కసారిగా ఆగింది. ఏడ్చే పసిపిల్ల కూడా నోరు మూసుకుంది. నేను సబ్బు పెట్టె వెనక్కి దాచాను. మాస్టారు ప్లేటు దించలేదు, దించాలని తట్టలేదేమో.

"ఏమిటండీ ఇది?"

"బస్సు సార్" అన్నాను. ఇంకేం చెప్పను?

గవర్నరు కుర్చీలను చూశాడు. సీనియరు కప్పు చూశాడు. కార్డు చేతిలో బిగించి పట్టుకుని కూర్చున్న ముసలాయనను చాలాసేపు చూశాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"మెయిన్ గేటు దాకా వెళ్తుందాండీ?"

"పోతది సార్! డైరెక్ట్!"

"అయితే పోనివ్వండి."

మాస్టారు ప్లేటు పట్టుకుని లేచాడు. ఆయన వెనక సీనియరు, ఆవిడ వెనక ముసలాయన సంచితో, చివర నేను. గేటు దగ్గరికి రాగానే "హోల్డాన్!" అన్నాను. తాళం తీయడం, దాటడం, వేయడం, లాగడం. "రైట్ రైట్!" మళ్ళీ కదిలాం. వింగు లోపలి నుంచి తలుపులు బాదుతున్నారు, ఈలలు, అరుపులు. పెద్ద వసారా, వంటశాల పక్క నుంచి దారి, ఇంకో గేటు. హోల్డాన్. రైట్ రైట్. ఎదురొచ్చిన ఆఫీసర్లు గోడకు అంటుకుని దారిచ్చారు. వెనక్కి తిరిగి చూస్తే గవర్నరు కూడా చేతులు వెనక్కి కట్టుకుని వస్తున్నాడు. హెల్మెట్లవాళ్ళూ వస్తున్నారు. మా బస్సుకు అంత ఆదరణ నేను ఎల్బీనగర్ రూటులో కూడా చూడలేదు.

మెయిన్ గేటు. సంతకాలయ్యాయి. ఆ చిన్న తలుపు తీస్తే అవతల రోడ్డు. అక్కడిదాకా మా బస్సు, అక్కడి నుంచి ఆయన ఒక్కడే. ముసలాయన గడప దగ్గర ఆగాడు. మళ్ళీ వెనక్కి తిరుగుతాడనే అనుకున్నాను. తిరిగాడు కూడా.

"మిస్, దిగాలంటే బెల్లు ఎప్పుడు కొట్టాలె?"

"నీ స్టాపు ముందటి స్టాపు దాటంగనే. ఒక్కసారే."

తలూపాడు. గడప దాటాడు.

గేటు గది కిటికీకి మేమందరం ముఖాలు అంటించాం, గవర్నరుతో సహా. బస్సు వచ్చింది. రెండంతస్తుల బస్సు. ఆయన ఎక్కాడు. చేయి చాచాడు. తీశాడు. లోపలికి జరిగాడు. మాస్టారు నన్ను అమాంతం ఎత్తి గాల్లో తిప్పాడు. నా తాళాల గుత్తి గవర్నరు భుజానికి తగిలింది. ఆయన భుజం రుద్దుకున్నాడే కానీ కిటికీ వదల్లేదు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. మధ్యాహ్నం దాటాక హాస్టల్ నుంచి ఫోను: మీ మనిషి రాలేదు. మూడింటికి రావలసినవాడు. నాలుగైంది. సీనియరు మొదటిసారి టీ పక్కన పెట్టేసింది. పై అంతస్తు మేనేజరు ఒకాయన నాకు వినబడేలా "సర్కస్ చేసి పంపిండ్రు గదా" అన్నాడు. నేను ఎవరి ముఖమూ చూడలేదు. రైలు తప్పాడా? ఎక్కడైనా కూర్చుని ఏడుస్తున్నాడా? అసలు ఎవరికైనా హాని చేశాడా? ఈ మూడో ప్రశ్న కూడా వచ్చింది, ఎందుకంటే ఆయన ఎవరో నాకు తెలుసు. నవ్వుతూ పంపినంత మాత్రాన మనిషి మారిపోడు. జైలు ఉద్యోగంలో చేరాలనుకునే పిల్లలు ఈ ఒక్క గంటను గుర్తుపెట్టుకోండి. ఆ ఉద్యోగమంతా అందులోనే ఉంది.

అయిదు కావస్తుండగా ఫోను మోగింది. సీనియరు తీసింది. వింటూ వింటూ గోడకు ఆనుకుంది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"ముట్టిండు! సంతకం పెట్టిండు!"

"మరి ఇంతసేపు?"

"బస్సుల పైకెక్కి ముందట కూసున్నడట. స్టేషన్ ఒచ్చిందట. దిగబుద్ధి గాలేదట! లాస్ట్ స్టాపు దాక పోయిండు, మల్ల అదే బస్సుల ఎన్కకొచ్చిండు, మల్ల పోయిండు! డ్రైవరే రైలు టైం జూసి దించిండట!"

పొద్దున గదిలోంచి దిగనన్న మనిషి, సాయంత్రం బస్సులోంచి దిగనన్నాడు! ఆ వార్త వింగులోకి ఎలా పాకిందో, తలుపుల వెనక నుంచి ఇంజను మళ్ళీ మొదలైంది. ఈసారి ఎవరూ ఆపలేదు.

తర్వాత ఆయన ఏమయ్యాడో నాకు తెలియదు. తెలుసుకోకూడదు, నియమం. నా ఉద్యోగం ఆ నెలలోనే ఖాయమైంది. గవర్నరు ఆ బస్సు గురించి నాతో ఒక్క మాటా అనలేదు, మంచీ లేదు చెడూ లేదు. మళ్ళీ నేనే అడగబోతే, "నాకు పనుందండీ" అని వెళ్ళిపోయాడు. మీకు కూడా ఇలాంటి పెద్దమనిషి దొరకాలని కోరుకుంటున్నాను. మెచ్చుకోకపోయినా దారికి అడ్డం నిలబడనివాడు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి, యూనిఫాం మీద కోటు వేసుకుని గేటు ముందు స్టాపులో నిలబడ్డాను. ఎండాకాలం, అక్కడ తొమ్మిదింటి దాకా వెలుతురే. అన్ని నెలలుగా ఆ బస్సు ఎక్కుతున్నాను కానీ ఎప్పుడూ కిందే, డ్రైవరుకు దగ్గరగా నిలబడేదాన్ని. కండక్టరు కూర్చోకూడదని కాళ్ళకు అలవాటు. ఆరోజు మెట్లెక్కాను. ముందు సీటు ఖాళీగా ఉంది. పెద్ద అద్దం. ఊరంతా కింద పరిచినట్టుంది. మూల తిరిగితే మనమే గాల్లో తిరిగినట్టుంటుంది. ఇరవై ఏళ్ళు బస్సులో బతికి, బస్సంటే ఇదని నాకు తెలియనే తెలియదు.

మా ఆయన ఫోను.

"యాడున్నవే? అన్నం సల్లారిపోతాంది."

"మన స్టాపు దాటింది. నువ్వు గూడ ఎన్కొచ్చే బస్సు పట్టుకొని లాస్ట్ స్టాపుకు రా."

"ఏమైంది? పానం బాగలేదా?"

"రా అంటున్న గదా! పైకెక్కు. ముందట కూసో."

పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చిన మనిషి, మారు ప్రశ్న అడగలేదు. నర్సు దుస్తుల్లోనే, కాళ్ళకు చెప్పులతో వచ్చాడు. తిరుగు బస్సులో పైన ముందు సీట్లో ఇద్దరం కూర్చున్నాం. దారి పొడవునా చెట్లు. కొమ్మలు వచ్చి అద్దానికి టపటపా కొట్టుకుంటుంటే, కొట్టుకున్నప్పుడల్లా ఇద్దరం తల వంచి కేక పెట్టాం. వెనక సీట్లోంచి ఎవరో పెద్దావిడ మెల్లగా అరవమంది. ఆయన సారీ చెప్పడానికి వెనక్కి తిరిగాడు, అంతలో ఇంకో కొమ్మ వచ్చింది.